మూడో రోజు ఎందుకు వదిలేశారు

ఆశ్రయం కోరిన దరఖాస్తుకి వచ్చిన తిరస్కరణ ఉత్తరం పదకొండు పేజీలుంది. ముప్పై ఒకటో పేరా దగ్గరికొచ్చేసరికి లాయరు నుస్రత్ మీర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మిగతావన్నీ నేను చూసుకుంటాను. దీనికి జవాబు మాత్రం మీ నోటి నుంచే రావాలి లెమ్లెం గారూ," అంది. బల్ల మీదున్న ఫోనులోంచి దుబాసీ గొంతు ఆ మాటల్ని టిగ్రిన్యాలోకి తిప్పింది.

ఆ పేరాలో ఉన్నది ఇది. దరఖాస్తుదారు అస్మరాలో ఒక ఇంట్లో, అక్కడి ప్రభుత్వం నిషేధించిన ప్రార్థన రహస్యంగా చేస్తుండగా మరో పదిమందితో కలిపి తనను పట్టుకెళ్లారని చెబుతున్నారు. ఆ పదిమందినీ నెలల తరబడి, కొందరిని ఏళ్ల తరబడి జైల్లో ఉంచారని ఆమే అంటున్నారు. తనను మాత్రం మూడో రోజున వదిలేశారట. ఎందుకని రెండుసార్లు అడిగితే తెలియదన్నారు. కనుక అసలు అరెస్టు జరిగిందన్న మాటే నమ్మేలా లేదు.

"దేవుడు విడిపించాడని రాయండి," అన్నాడు ఆమె భర్త గొయితొం, బాగోని ఎడమకాలు ముందుకు చాపుకుంటూ. "మా ఆవిడ దేవుడికి పలుకుబడి ఎక్కువ. మా పాత చర్చి దేవుడు ఇలాంటి పనులకి దరఖాస్తు పెట్టుకోమంటాడు."

నుస్రత్ నవ్వింది. నవ్వుతూనే లెమ్లెం వైపు చూసింది. "లంచం ఇచ్చారా? చుట్టాలెవరైనా లోపల ఉన్నారా? ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా?"

"తెలియదు. తలుపు తీశారు. పొమ్మన్నారు. వచ్చేశాను," అంది లెమ్లెం.

ఆమెకి తెలుసు. నాలుగేళ్లుగా ఆమెకి తెలిసింది అదొక్కటే అన్నట్టు బతుకుతోంది.

మంగళవారం పట్టుకెళ్లారు. మూడో రోజు పొద్దున ఆమెనొక్కదాన్నే వేరే గదిలోకి పిలిచి కుర్చీ వేశారు. ఎదురుగా కూర్చున్న అధికారి అరవలేదు, చెయ్యెత్తలేదు. చిన్న గ్లాసులో టీ పోసి, చక్కెర వేసి కలిపి, ఆమె ముందుకు జరిపాడు. అప్పటికి ఆమె కూతురు ఎల్దానా పద్నాలుగు నెలల పిల్ల, తల్లి పాలు మానలేదు. లెమ్లెం గౌను ముందుభాగమంతా పాలు కారి తడిసి, ఎండి, మళ్లీ తడిసి అట్ట కట్టింది. అతను అటు చూసి, మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

"మూడు రోజుల్నుంచి పాప ఏం తాగుతోందో చెల్లెమ్మా," అన్నాడు. "ఒక్క పేరు చెప్పు. ఇంకెవరింట్లో పాడుకుంటున్నారు మీవాళ్లు? ఒక్క పేరు చెప్పేసి మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లిపో."

ఆమెకి తెలిసిన ఇళ్లు ఐదు. నాలుగింట్లో పిల్లల తల్లులున్నారు. ఐదోది కిబ్రొం రేడియోలు బాగుచేసే షాపు వెనక గది. కిబ్రొం గొయితొం తమ్ముడు. ఆమెని ప్రార్థనకి మొదట తీసుకెళ్లింది అతనే. ఆదివారం నాడు వచ్చి చెవిలో చెప్పాడు: "వదినా, బుధవారం వెళ్లిపోతున్నా. సరిహద్దు దాటాక కబురు పెడతా. అన్నయ్యకి అప్పుడే చెప్పకు, గోల చేస్తాడు." ఇవాళ గురువారం. అంటే ఈపాటికి సుడానులో ఉంటాడు. ఖాళీ షాపుకి ఎవరు తాళం వేసుకుంటే ఏం?

కిబ్రొం పేరు చెప్పింది. టీ కూడా తాగింది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని కిబ్రొం ఎల్దానాకి గ్లాసుతో మేకపాలు పట్టిస్తున్నాడు. "వచ్చావా వదినా! ఈ పిల్ల నా చొక్కా మొత్తం తడిపేసింది," అన్నాడు.

"నువ్వు... వెళ్లలేదా?"

"నిన్ను లోపలేస్తే ఎలా వెళ్తాను? అన్నయ్య కుంటుకుంటూ స్టేషనుకి అన్నం మోస్తుంటే పిల్లని ఎవరు చూస్తారు?"

"ఇప్పుడే వెళ్లిపో కిబ్రొం. ఈ క్షణమే."

"వెళ్తా. బ్యాగు షాపులో ఉంది. అది తీసుకుని అటునుంచి అటే పోతా."

"షాపుకి వద్దు. రేపు వెళ్లు."

కిబ్రొం పకపకా నవ్వాడు. "ఈ క్షణమే అన్నావు, రేపంటున్నావు! మూడు రోజులు లోపలుంటేనే మతి పోయిందా?"

షాపుకి ఎందుకు వద్దో ఒక్క మాట చెప్తే చాలు. అప్పుడే గొయితొం గుమ్మంలోకి వచ్చాడు. భార్యని చూసి గోడకి చెయ్యానించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు మధ్య లెమ్లెం నోరు పెగల్లేదు. కిబ్రొం పాపని అన్న చేతికిచ్చి, వీధిలోకి దిగాడు.

ఎనిమిది నెలల తరవాత జైలు నుంచి కబురొచ్చింది, వచ్చి కిబ్రొం దుప్పటీ, చేతిగడియారం తీసుకెళ్లమని. మనిషిని ఇవ్వలేదు. ఈలోపు ఆ అధికారి నెలకోసారి దారిలో కనిపించి, "ఇంకో పేరు చెల్లెమ్మా," అని అడుగుతూనే ఉన్నాడు. ఆఖరిసారి గడువు పెట్టాడు. ఆ గడువులోపే పిల్లనెత్తుకుని బయల్దేరారు. సుడాను, లిబియా, సముద్రం, కలే రేవు దగ్గర లారీల వరస, చివరికి ఈ బ్రాడ్‌ఫర్డ్ కొండమీద మూడు గదుల ఇల్లు.

కేసు ఆమె పేరు మీదే ఉంది. కాలు పాడై సైన్యం నుంచి విడుదల కాగితం తెచ్చుకున్న గొయితొంకి తనదంటూ చెప్పుకోడానికి ఏ కేసూ లేదు. భర్తగా అతను, కూతురిగా ఎల్దానా, ఆమె కేసుకి అంటుకుని ఉన్నారు. ఆమె మాట నిలబడితే ముగ్గురూ ఉంటారు, లేకపోతే ముగ్గురూ పోతారు.

తమ్ముణ్ణి పట్టించింది పక్కింటి తర్హస్ ముసలమ్మ అని గొయితొం నమ్మకం. ఆమె కొడుకు పోలీసుల దగ్గర గుమాస్తా. ఆరోజు కిబ్రొం వీధిలోకి దిగుతుంటే ఆమె కిటికీ తెర తొలగించి చూడటం తన కళ్లారా చూశాడు. ఆమె అక్క మనవడు ముస్సే ఈ ఊళ్లోనే ఉన్నాడు. మంచి కుర్రాడు, ఎదురైతే రెండు చేతులూ చాచి పలకరించబోతాడు. గొయితొం రోడ్డు దాటి అవతలి పక్కకి పోతాడు. "ఆ ముసల్దాని నెత్తురు వీడి ఒంట్లో ఉంది. వీడితో కాఫీ తాగితే నా తమ్ముడి నెత్తురు తాగినట్టే," అంటాడు. అన్నప్పుడల్లా లెమ్లెం ఇంజెరా రొట్టెల పిండి గిన్నె మీదికి ఇంకాస్త వంగుతుంది.

అప్పీలు విచారణ నవంబరులో పడింది. పొద్దున పదింటికి.

గది చిన్నది. తెల్లటి గోడలు, మూసిన కిటికీలు, నీళ్ల కూజా. జడ్జి ప్రిచార్డ్ అరవై దాటిన మనిషి. ప్రతి మాటా చేత్తో రాసుకుంటాడు, రాయడం పూర్తయ్యేదాకా అందరూ ఆగాలి. ప్రభుత్వం తరఫున వచ్చినామెకి జలుబు చేసింది. దుబాసీ బెరెకెత్ మాంచెస్టర్ నుంచి వచ్చాడు, నెరిసిన గడ్డం, ఇస్త్రీ చేసిన సూటు. ఇక్కడ విన్నది బయట చెప్పనని ప్రమాణం చేశాడు. అయినా అతని భార్య ఏ చర్చికి వెళ్తుందో, అక్కడ మాటలు ఎలా పాకుతాయో లెమ్లెంకి తెలుసు.

గొయితొం కూడా సాక్షే. అందుకని ఆమె చెప్పడం అయ్యేదాకా అతన్ని బయట కూర్చోమన్నారు. తలుపు మూసేముందు అతను బొటనవేలు పైకెత్తి చూపించాడు.

గంటసేపు బాగానే సాగింది. ఎవరింట్లో ప్రార్థన, ఏ పాటలు, కిటికీకి ఏ రంగు తెర. తరవాత ప్రభుత్వం తరఫు ఆమె ముక్కు తుడుచుకుని, కాగితం తిప్పింది.

"మూడో రోజు మిమ్మల్ని ఎందుకు వదిలేశారు?"

"తెలియదు."

"మీ భర్త తమ్ముడు కిబ్రొం జైల్లో చనిపోయాడన్నారు. మరణ పత్రం లేదు. ఫోటో లేదు. సమాధి లేదు. నేను చెప్పేదేమిటంటే, మిమ్మల్ని ఎవరూ అరెస్టు చెయ్యలేదు. అందుకే విడుదలకి కారణం లేదు. కిబ్రొం కూడా అరెస్టు కాలేదు. ఈ కేసు కోసం అతని చావు మీరు కల్పించుకున్నారు."

బెరెకెత్ దాన్ని టిగ్రిన్యాలో చెప్పాడు. 'కల్పించుకున్నారు' అనే మాట దగ్గర గొంతు కాస్త తగ్గించాడు.

తనని అబద్ధాలకోరు అంటే లెమ్లెం పడేది. నాలుగేళ్లుగా ఆ మాట తనకి తానే అనుకుంటోంది. కానీ కిబ్రొం చావలేదనడం, ఆ ఎనిమిది నెలలూ లేవనడం, చొక్కా తడిసిన ఆ మనిషి అసలు ఏ గదిలోకీ వెళ్లలేదనడం, అది ఆమెకి మింగుడు పడలేదు. తలుపు వైపు చూసింది. మూసే ఉంది.

"నేను చెప్పాను," అంది.

"ఏం చెప్పారు?" జడ్జి కలం ఆగింది.

"పేరు. నా మరిది పేరు చెప్పాను. అందుకే వదిలేశారు."

బెరెకెత్ వెంటనే ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. తరవాత, అతని పని ప్రకారం, 'నేను' అనే మొదలుపెట్టాడు: నేను నా మరిది పేరు చెప్పాను. అరవై ఏళ్ల మగ గొంతులో, పరాయి భాషలో, ఆ మాట గదంతా వినపడింది. వెనక్కి తీసుకోడానికి ఇంక వీల్లేదు.

మొత్తం చెప్పింది. టీ, చక్కెర, పాలు, ఐదు ఇళ్లు, వంటింట్లో పీట, షాపులో బ్యాగు. జడ్జి ఒక్కసారి మాత్రం అడిగాడు.

"ఇది మొదటి ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే మీకే మేలు జరిగేది. ఎందుకు చెప్పలేదు?"

"ఇంటర్వ్యూలో నా భర్త పక్కగదిలో ఉన్నాడు. మీరు రాసింది ఆయన చదవగలడు. నేను చదవలేను."

జడ్జి అది కూడా రాసుకున్నాడు.

పది నిమిషాలు విరామం ఇచ్చారు. నడవాలో నుస్రత్ ఆమెని మూలకి లాగింది. "ముందే చెప్పి ఉండాల్సింది కదమ్మా నాకు!"

"చెబుదామంటే ఎప్పుడూ ఆయన పక్కనే ఉన్నాడు," అంది లెమ్లెం, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో.

తరవాత గొయితొంని పిలిచారు. కొత్త చొక్కా సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వెనక కుర్చీలోంచి లెమ్లెంకి అతని మెడ కనిపిస్తోంది.

"మీ తమ్ముడి గురించి పోలీసులకి ఎవరు చెప్పారు?" ప్రభుత్వం తరఫు ఆమె మెల్లగానే అడిగింది.

"తర్హస్. మా పక్కింటి ముసల్ది."

"మీకెలా తెలుసు?"

"వీధంతా తెలుసు. నా కళ్లతో చూశాను."

"మీ భార్య దీని గురించి మీతో ఎప్పుడైనా వేరేగా చెప్పారా?"

గొయితొం నవ్వాడు. "మా ఆవిడ నా దగ్గర దాచేది ఒక్కటే, బెర్బెరె కారం డబ్బా. డాక్టరు వద్దన్నాడు."

ఎవరూ నవ్వలేదు. గదిలో ఉన్న ఆరుగురిలో ఐదుగురికి తెలుసు, తెలియనిది అతనొక్కడికే. ప్రభుత్వం తరఫు ఆమె కాగితాలు చూసుకుంది. "అయితే ఇవాళ పొద్దున..." అని మొదలుపెట్టింది. నుస్రత్ సగం లేచింది. లెమ్లెం కుర్చీ అంచులు పట్టుకుంది.

"ఆ ప్రశ్న నాకు అవసరం లేదు," అన్నాడు జడ్జి, తలెత్తకుండా. "నాకు కావలసింది నా దగ్గరుంది."

ప్రభుత్వం తరఫు ఆమె కూర్చుంది. స్కూలు వదిలే వేళయిందని గొయితొంని ముందే పంపించేశారు. అతను వెళ్లాకే లాయర్లు ఆఖరి వాదనలు వినిపించారు.

బస్టాపులో నుస్రత్ ఫోనులో దుబాసీని పట్టుకుని మరీ చెప్పింది: "తీర్పు నాకొకటి, మీ ఇంటికొకటి వస్తుంది. మూడు వారాలు, నాలుగు వారాలు. పేర్లు దాచమని అడిగాను, పేర్లు తీసేసినా జరిగింది మాత్రం అందులో ఉంటుంది. గెలిచినా ఉంటుంది, ఓడినా ఉంటుంది. కాగితం చెప్పేలోపు మీరే చెప్పండి."

ఆ వారాల్లో గొయితొం హుషారుగా ఉన్నాడు. జడ్జి తన జవాబు విని ఇంక ప్రశ్నలే వద్దన్నాడని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. "నా ముఖం చూసి నమ్మేశాడే!" అనేవాడు. ఎల్దానాని భుజాలమీద ఎక్కించుకుని ఆ కాలితోనే కొండ ఎక్కాడు. లెమ్లెం రోజూ పోస్టు వచ్చే వేళకి తలుపు వెనక నేల తుడుస్తూ ఉండేది. ఇంటికి ఒకటే తలుపు. ఉత్తరాలు దాని చీలికలోంచే పడతాయి. దొరికితే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. చించితే లాయరు దగ్గర ఇంకోటి ఉంది.

ఒక మధ్యాహ్నం కాఫీ గింజలు వేయిస్తూ, "కిబ్రొం గురించి నీకొకటి..." అంది.

"అనకు. వాడి పేరెత్తితే నాకా ముసల్దాని కిటికీయే కనిపిస్తుంది," అన్నాడు. "అది కుళ్లి చావాలి. నీ ప్రార్థనల్లో అడుగు, నీ దేవుడు వింటాడుగా."

గింజలు మాడిపోయాయి.

ఉత్తరం శనివారం వచ్చింది. శనివారం అతను ఇంట్లోనే ఉంటాడు. ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి కవరు చింపి, ఆఖరి పేజీ పట్టుకుని ఉన్నాడు.

"అనుమతించారు! లెమ్లెం, అనుమతించారే!" ఎల్దానాని ఎత్తి తిప్పాడు. పిల్ల కిలకిలా నవ్వింది. లెమ్లెంని కావలించుకుని ఆమె తలమీద ముద్దుపెట్టాడు. తరవాత సోఫాలో కూర్చుని మొదటి పేజీ తీశాడు. "కూర్చో. ఒక్కొక్క ముక్కా నీకు టిగ్రిన్యాలో చెప్తా. మన గురించి ఆ పెద్దమనిషి ఏం రాశాడో విందాం."

"గెలిచాం కదా. చాలదా?"

"చాలదు. పదకొండు పేజీలు మనల్ని దొంగలన్నారు. ఇప్పుడు పద్నాలుగు పేజీలు కాదన్నారు. నాకు పద్నాలుగూ కావాలి."

మొదటి పేజీ చదివాడు, రెండోది చదివాడు. 'అప్పీలుదారు సాక్ష్యమిచ్చిన తీరు' అనే చోటికొచ్చాడు. లెమ్లెం లేచి వెళ్లి ఆ కాగితాల మీద చెయ్యి పెట్టింది.

"ఎల్దానా, పైకెళ్లి బొమ్మలు వేసుకోమ్మా," అంది. పిల్ల మెట్లెక్కేదాకా ఆగింది. "ఇక్కణ్ణించి నేను చెప్తాను. నువ్వు విను. తరవాత చదువుకో, తేడా ఉంటే అడుగు."

నిలబడే చెప్పింది. షాపులో బ్యాగు దగ్గరికొచ్చేసరికి అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె చెప్పడం అయ్యాక కాగితాలు తీసుకుని తనలో తాను చదువుకున్నాడు, వేలు వరసల కింద జరుపుకుంటూ. జడ్జి రాసిందేమిటంటే, కేసు కోసం కథ అల్లేవాళ్లు తమని తాము ఇంత హీనంగా అల్లుకోరు. భర్తకి ఇది తెలియదన్నది గదిలో అందరికీ కనిపించింది. ఆమెని నమ్మడానికి అది కూడా ఒక కారణం.

గొయితొం బూట్లు తొడుక్కుని బయటికి పోయాడు. సాయంత్రం వచ్చాడు.

"ముస్సే ఇంటికెళ్లాను. అక్కణ్ణించి ఆ ముసలామెకి ఫోను చేశాను," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "క్షమించమన్నాను. ఏడ్చింది. మరి ఎవరు చెప్పారు బాబూ అని అడిగింది. తెలియదన్నాను."

ఆ రోజు నుంచి పరుపు ఎల్దానా గదిలోకి మార్చుకున్నాడు. పిల్లని స్కూలుకి దింపుతాడు, రొట్టె తెస్తాడు, పంచదార అయిపోయిందంటాడు. ఒకరోజు ఆమే అడిగింది, "వెళ్లిపోవాలని ఉందా?" అని.

"ఎక్కడికి? నా కాగితం నీ కాగితానికి కుట్టి ఉంది," అన్నాడు. "నేను ఈ దేశంలో ఉన్నది నువ్వు వాడి పేరు చెప్పినందుకు. ఏ ఇంటికి పోయినా అదే కదా."



వసంతంలో ప్రశ్నలు మొదలయ్యాయి. వారానికొకటి, పదిరోజులకొకటి. పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు, అన్నాలయ్యాక, ఎక్కణ్ణించో గుర్తొచ్చినట్టు అడిగేవాడు. ఆ గదిలో కిటికీ ఉందా? ఉంది. తాను తెచ్చిన అన్నం ఆమెకి ఇచ్చారా? ఒక్కపూట ఇచ్చారు. ఆ టీ మొత్తం తాగిందా? మొత్తం తాగింది. ఆమె ఏదీ తగ్గించి చెప్పేది కాదు, ఏదీ కలిపేది కాదు. అడిగిందానికి మాత్రమే చెప్పేది. అతను విని, తలూపి, వేరే పనిలో పడేవాడు. ఒక్కోసారి అదే ప్రశ్న నెల తరవాత మళ్లీ అడిగేవాడు. జవాబు అదే వచ్చేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారు. చాలాకాలానికి ఆరోజే ఒక పళ్లెంలో పెట్టుకున్నారు. ఆమె పెట్టింది, అతను వేరే పళ్లెం అడగలేదు.

"వాడి పేరు చెప్పినప్పుడు," అన్నాడు ఇంజెరా తుంచుతూ, "ఒక్క కిబ్రొం అనే చెప్పావా, మా నాన్న పేరు కూడా కలిపి చెప్పావా?"

"అస్మరాలో కిబ్రొంలు చాలామంది ఉన్నారన్నాడు ఆ అధికారి. మావయ్య పేరు కూడా చెప్పాను."

అతను నమలడం ఆపాడు. కాసేపటికి మళ్లీ నమిలాడు. ఆమె చెయ్యి పళ్లెం అంచు మీదే ఉంచుకుని ఎదురుచూసింది.

"ఇంకేమైనా అడుగుతావా?"

"ఇవాళ్టికి చాలు," అన్నాడు గొయితొం. "తిను."